వంటింటికి పది అడుగుల దూరంలో

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును తలచుకుంటూ మనం ఏటా ఈ రోజున కలుసుకుంటున్నాం. పెన్షన్ ఎవరో దయతలచి ఇచ్చేది కాదని, చేసిన సేవకు మనకు దక్కవలసిన హక్కని ఆ తీర్పు చెప్పింది. హక్కుల సంగతి, బకాయిల సంగతి నాకంటే ముందు మాట్లాడినవారు వివరంగా చెప్పారు. నాకు మాత్రం కార్యదర్శిగారు పెరటి ఆకుల గురించి చెప్పమని, అదీ క్లుప్తంగా చెప్పమని ఆదేశించారు. నేను 34 ఏళ్ళు గుమాస్తాగా పనిచేసి 2007లో రిటైరైనవాణ్ణి. ఫైలు పైకి పంపేటప్పుడు ముందు సారాంశం, తరువాత వివరం రాయడం అలవాటు. ఇక్కడా అదే పద్ధతి.

సారాంశం ఇది. మన వయసులో డాక్టరుగారు ముందుగా తగ్గించమనేది ఉప్పు. ఉప్పు తగ్గితే అన్నం సయించదు. సయించని అన్నానికి కాస్త రుచి తెచ్చేది పచ్చి ఆకు వాసన. ఆ ఆకు వంటింటికి పది అడుగుల లోపల ఉంటేనే రోజూ కూరలో పడుతుంది. అయితే అది కూరలో వేసుకునే ఆకే గాని, వేసుకునే మాత్రకు బదులు కాదు. ఇక వివరాలు మనవి చేస్తాను.

పెద్దవాళ్ళకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అంటే ఒక చిన్న చెంచాడు. కూరలో, చారులో, పచ్చడిలో వేసేది, ఆవకాయలో, అప్పడంలో, వడియాల్లో దాగి ఉన్నది అన్నీ కలిపి ఆ లెక్క. మన గోదావరి జిల్లాల భోజనానికి ఆ చెంచా ఏ మూలకు? దానికి తోడు వయసు మళ్ళినకొద్దీ ముక్కుకు వాసన పట్టే శక్తి తగ్గుతుంది. వాసన తగ్గితే రుచి సగం పోయినట్లే. అందుకే ముసలివాళ్ళు "కూరలో ఉప్పు లేదు" అంటే, వండినవాళ్ళు "వేశానే" అంటారు. ఇద్దరూ నిజమే చెబుతారు.

మా ఇంటి సంగతే చెబుతాను. ఆరేళ్ళ క్రితం మా ఆవిడకు రక్తపోటు ఎక్కువగా ఉందని ఉప్పు బాగా తగ్గించమన్నారు. ఆవిడ మాట తప్పే మనిషి కాదు. ఆవకాయ జాడీ కోడలికి అప్పగించింది, అప్పడాలు మానేసింది. వాటితోపాటు అన్నం కూడా దాదాపు మానేసింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కునేది. మూడు నెలల్లో చేతి గాజులు వదులైపోయాయి. డాక్టరుగారితో చెబితే, "ఉప్పు పెంచకండి. పులుపు, వాసన పెంచండి. నిమ్మరసం, కొత్తిమీర, కరివేపాకు, పుదీన, అల్లం దండిగా వాడుకోండి" అన్నారు. ఆ సాయంత్రమే వంటింటి గుమ్మం పక్కన తొట్లు పెట్టించాను. ఆవిడ తిరిగి కడుపునిండా తినడానికి ఇంకో రెండు నెలలు పట్టింది. తినడం మాత్రం తిన్నది. రక్తపోటు మాత్రలు అప్పుడూ వేసుకున్నది, ఇప్పుడూ వేసుకుంటున్నది.

ఇక్కడ ఒక హెచ్చరిక. బజారులో తక్కువ సోడియం ఉప్పు అని ఒకటి అమ్ముతున్నారు. అందులో సోడియానికి బదులు కొంత పొటాషియం కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి, కొన్ని రకాల రక్తపోటు మాత్రలు వాడేవారికి అది ప్రమాదం కావచ్చు. డాక్టరును అడగకుండా కొనకండి.

పది అడుగులు అని ఎందుకన్నానంటే, పొయ్యి మీద పోపు చిటపటలాడుతుండగా మోకాళ్ళ నొప్పుల మనిషి పెరటి చివరకు వెళ్ళి ఆకు కోసుకురాదు. వాన పడుతుంటే అసలే వెళ్ళదు. డాబా మీద తోట చూడముచ్చటగా ఉంటుంది, కాని అది కోడలికీ మనవడికీ పనికొస్తుంది గాని మనకు కాదు. మెట్లెక్కకుండా, చెప్పులు వేసుకుని నాలుగు అడుగులు వేస్తే అందేటట్లు ఉండాలి. రోజుకు నాలుగు గంటల ఎండ తగిలితే చాలు.

మొక్కలలో మొదటిది కరివేపాకు. నేలలో చోటుంటే నేలలో, లేకుంటే పెద్ద గోలెంలో వేయాలి. పండు నల్లబడ్డాక గుజ్జు తీసి గింజను వెంటనే నాటాలి. దాచిన గింజ మొలవదు. అంత శ్రమ ఎందుకనుకుంటే పెద్ద చెట్టు మొదట్లో లేచిన పిలక తవ్వి తెచ్చుకోవచ్చు, లేదా కడియపులంక వెళ్ళినప్పుడు ఒక మొక్క కొనుక్కోవచ్చు. మొదటి రెండేళ్ళు అది ప్రొబేషన్‌లో ఉన్న ఉద్యోగిలా బిక్కుబిక్కుమంటూ ఉంటుంది. తొందరపడి ఆకు దూయకండి. నడుము ఎత్తు వచ్చాక చివర తుంచితే పక్క కొమ్మలు వస్తాయి. కోసేటప్పుడు ఆకులు గిల్లకుండా రెమ్మ మొత్తం తీయాలి. పూత, కాయ కనిపిస్తే తీసేస్తే ఆకు బాగా వస్తుంది. ఈ చలి నెలల్లో అది పెద్దగా చిగురించదు. చచ్చిపోయిందని కంగారుపడి బిందెలకొద్దీ నీళ్ళు పోయకండి, మాఘం దాటితే తనే చిగురు వేస్తుంది.

లేత ఆకు మీద పిట్ట రెట్టలాంటి పురుగు కనిపిస్తే అది నిమ్మచెట్టు మీద వాలే సీతాకోకచిలుక గొంగళి. పెద్దదైతే పచ్చగా మారి రాత్రికి రాత్రి కొమ్మ ఖాళీ చేస్తుంది. మందులేవీ అక్కరలేదు, పొద్దున్నే చూసి పుల్లతో తీసేస్తే చాలు. పేనులాంటి చిన్న పురుగు చిగురు ముడతపెడితే లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బునీరు కలిపి సాయంత్రం పూట చల్లాలి. ఆ తరువాత నాలుగైదు రోజులు ఆగి, కడిగి వాడుకోవాలి.

రెండవది కొత్తిమీర. "ధనియాలు చల్లాం, మొలవలేదు" అనే ఫిర్యాదు నేను వినని వారం లేదు. ధనియం ఒక గింజ కాదు, రెండు బద్దలు. చపాతీ కర్రతో మెల్లగా దొర్లించి బద్దలు విడదీసి, రాత్రంతా నానబెట్టి, అరంగుళం లోతున నాటాలి. వంట ధనియాలు మరీ పాతవైతే మొలవవు, ఆ సంవత్సరం పంట అడిగి తెచ్చుకోండి. మొలక రావడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. 40 రోజులకు కోతకు వస్తుంది. కొత్తిమీరకు చలి ఇష్టం, కనుక ఇప్పుడు వేస్తే బాగా వస్తుంది. ఎండలు ముదిరితే ఆకు మాని పూతకు దిగుతుంది. వేసవిలో పాత పంచె ఒకటి పైన కట్టి నీడ ఇస్తే కొంత దక్కుతుంది. ఒకేసారి అంతా చల్లకుండా పదిహేను రోజులకు ఒక తొట్టి చొప్పున వేయండి. ఒకటి అయిపోయేసరికి ఇంకొకటి అందుతుంది.

మెంతికూర ఇంకా సులువు. పోపుల పెట్టెలోని మెంతులే చల్లండి. నాలుగైదు రోజులకు మొలుస్తాయి, 25 రోజులకు కోయవచ్చు. పప్పులో వేస్తే ఆ కమ్మదనానికి ఉప్పు తక్కువైన సంగతి తెలియదు.

పుదీన సంతలో కొన్న కట్టలోనుంచే వస్తుంది. ఆకు దూసుకున్నాక గట్టి కాడలు నాలుగు తీసి గ్లాసు నీళ్ళలో పెడితే వారం పది రోజులకు వేళ్ళు పుడతాయి. దాన్ని విడిగా ఒక తొట్టిలోనే పెట్టండి. పక్కన ఇంకో మొక్క ఉంటే నేల కింద నుంచి పాకి దాని చోటు ఆక్రమిస్తుంది. ఆక్రమణల కేసులు చూసిన రెవెన్యూవారు ఇక్కడ చాలామంది ఉన్నారు, వారికి నేను చెప్పనక్కరలేదు. తడి, సగం నీడ దీనికి ఇష్టం. మజ్జిగలో నాలుగు ఆకులు నలిపి వేస్తే ఉప్పు లేకపోయినా తాగబుద్ధవుతుంది.

వామాకును వాము మొక్క అనుకుంటారు. వాము గింజలిచ్చే మొక్క వేరు. ఇది దళసరి ఆకుతో, వాము వాసనతో ఉండే వేరే జాతి. జానెడు కొమ్మ విరిచి గుచ్చితే బతుకుతుంది. నీళ్ళు మరవడం కంటే ఎక్కువ పోయడమే దానికి చేటు. మనవలు వస్తే బజ్జీ, మనకైతే రెండు ఆకులు పెరుగు పచ్చడిలో. నిమ్మగడ్డి ఒక దుబ్బు ఉంటే టీకి, చారుకు సువాసన. దాని అంచు చెయ్యి కోస్తుంది, కత్తెరతో తీయండి.

ఇక వంటకు కాకుండా కంటికి, ముక్కుకు, పూజకు పనికివచ్చేవి. మరువం, దవనం, మాచిపత్రి. నాలుగు మల్లెలకు ఒక మరువం రెమ్మ కలిస్తే దండకు నిండుతనం వస్తుంది. మరువం కొమ్మ నాటుకుంటే వస్తుంది. ఎండ కావాలి, నీరు నిలవకూడదు. దవనం విత్తనం నలుసంత ఉంటుంది. సన్న ఇసుకతో కలిపి పైపైన చల్లి, నీళ్ళు పోయకుండా చిలకరించాలి. ఇదీ చలికాలపు పంటే. ఎండిన దవనం బట్టల పెట్టెలో పెడితే చాలాకాలం వాసన నిలుస్తుంది. ఈ మూడింటికీ పెద్ద పని లేదు, కాని పొద్దున్నే వాటి మీద చెయ్యి నిమిరితే ఆ పూట మనసు తేలికగా ఉంటుంది.

పూజ అన్నాను కనుక ఇంకొక మాట. వినాయక చవితికి వాడే 21 పత్రాలలో మాచి, మరువకం, తులసి ఉన్నాయి. ఉమ్మెత్త, గన్నేరు, జిల్లేడు కూడా ఉన్నాయి. దేవుడికి పెట్టేది గదా అని అన్నీ తినదగినవి అనుకోకూడదు. ఉమ్మెత్త గింజలు విషం. గన్నేరులో ప్రతి భాగమూ గుండెకు విషమే. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. మనవలు తిరిగే ఇళ్ళలో పూజ అయిన వెంటనే వీటిని ఎత్తేయండి. వంట ఆకుల పక్కన వీటిని పెంచవద్దు.

ఇప్పుడు ముఖ్యమైన సంగతికి వస్తున్నాను. నాతో కలిసి పనిచేసిన మిత్రుడొకరు ఏదో ఆకురసం పొద్దున్నే తాగితే రక్తపోటు మాత్రలు అక్కరలేదని ఎవరో చెబితే నమ్మి, మాత్రలు మానేశారు. పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి, మాట రెండూ పోయాయి. ఆఫీసులో ఆయన దస్తూరీ ముత్యాల్లా ఉండేది. ఇప్పుడు పెన్షన్ కాగితాల మీద వేలిముద్ర వేస్తున్నారు. ఆయన భార్య వయసు 70. ఆయన్ని లేపడం, కూర్చోబెట్టడం అంతా ఆవిడ మీదే పడింది. ఆ ఇంటికి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ నాకు అన్నం సయించదు.

కనుక దయచేసి వినండి. గుప్పెడు ఆకు కూరలో వేసుకుంటే అది భోజనం. అదే ఆకు గ్లాసులకొద్దీ రసం తీసి తాగితే భోజనం కాదు. రక్తం పల్చబడటానికి వార్ఫరిన్, అసినోకుమరాల్ వంటి మాత్రలు వాడేవారు మరీ జాగ్రత్తగా ఉండాలి. ఆకుకూరల్లో, కొత్తిమీరలో విటమిన్ కె ఉంటుంది. అది ఆ మాత్ర పనికి అడ్డు వస్తుంది. ఆకులు మానమని కాదు. రోజూ ఇంచుమించు ఒకే పాళ్ళలో తినాలి. ఒక వారం అసలు తినకుండా ఉండి, ఇంకో వారం మూడు పూటలా తినకూడదు. మెంతులు ఎక్కువగా తీసుకుంటే చక్కెర దిగవచ్చు. మధుమేహం మాత్రలు వేసుకునేవారు, ఇన్సులిన్ తీసుకునేవారు అది గుర్తుంచుకోవాలి. మూత్రపిండాల్లో రాళ్ళు వచ్చినవారు పాలకూర, తోటకూర, గోంగూర ఎంత తినవచ్చో డాక్టరును అడగాలి. కలబంద ఆకు కోస్తే కారే పసుపు రసం కడుపులోకి పోతే విరేచనాలు పట్టుకుంటాయి. ఇవన్నీ మిమ్మల్ని భయపెట్టడానికి చెప్పడం లేదు. ఈసారి డాక్టరు దగ్గరకు వెళ్ళినప్పుడు, మాత్రల చీటీతోపాటు రోజూ తినే ఆకుల పేర్లు కూడా ఒక కాగితం మీద రాసుకుని వెళ్ళండి. మనకు కాగితం రాయడం కొత్త కాదు గదా.

తొట్ల విషయం. అడుగు వెడల్పు తొట్టి తడిమట్టితో 15, 20 కిలోలు తూగుతుంది. దాన్ని ఎత్తే ప్రయత్నం మన నడుములు చేయకూడదు. ఎక్కడ ఉండాలో అక్కడే పెట్టించుకుని నింపించుకోండి. రెండు పాళ్ళు ఎర్రమట్టి, ఒక పాలు బాగా మాగిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక, గుప్పెడు వేపపిండి సరిపోతాయి. బియ్యం కడుగు ఉప్పు కలవకుండా పోయవచ్చు. నీళ్ళకు బకెట్టు మోయవద్దు, చెంబు చాలు. తొట్టి కింద పళ్ళెంలో నిలిచిన నీటిని వారానికి ఒక్కసారైనా తప్పక పారబోసి, పళ్ళెం రుద్ది కడగండి. డెంగ్యూ దోమ మురికి కాలువకంటే ఇలాంటి తేట నీటిలోనే గుడ్లు పెడుతుంది, పగటిపూట కుడుతుంది. మధుమేహం ఉన్నవారు మొక్కల దగ్గరకు చెప్పులు లేకుండా వెళ్ళకూడదు. కాలికి ముల్లు గుచ్చుకున్నా తెలియదు, తెలిసేసరికి పుండు అవుతుంది.

పెరడు లేదనేవారికి ఒక మాట. పిల్లల దగ్గర ఫ్లాటులో ఉంటున్నవారు మనలో చాలామంది ఉన్నారు. "మనకక్కడ సొంత చోటెక్కడిదండీ" అంటారు. బాల్కనీలో మూడు తొట్లకు చోటు అడగండి. కొత్తిమీర, పుదీన, వామాకు. కోడలు పొయ్యి దగ్గర నుంచి "మామయ్యగారూ, కాస్త కొత్తిమీర" అని పిలిచిన రోజున ఆ ఇంట్లో మీకొక సీటు ఉన్నట్లే. అమెరికాలో పిల్లల దగ్గరకు వెళ్ళేవారు మాత్రం పెట్టెలో కరివేపాకు ఆకు గాని, మొక్క గాని, గింజ గాని పెట్టవద్దు. దాని మీద ఉండే చిన్న పురుగు వల్ల అక్కడి నారింజ, నిమ్మ తోటలకు తెగులు పాకుతుందని ఆ దేశంవారు రానివ్వరు. చెప్పకుండా తీసుకువెళ్తే జరిమానా వేస్తారు. అక్కడి నర్సరీలలో అనుమతి ఉన్న మొక్కలు దొరుకుతాయి.

చివరగా ఒక ప్రతిపాదన సభ ముందు ఉంచుతున్నాను. ఈ హాలుకు రాలేని సభ్యులు మన సంఘంలో ఉన్నారు. కుటుంబ పెన్షన్ మీద ఒంటరిగా ఉంటున్న సోదరీమణులు, మంచం దిగలేని పెద్దలు. వారి దగ్గరకు ఊరికే వెళ్ళాలంటే మనకు మొహమాటం, ఎందుకొచ్చారని అడిగితే వారికి మొహమాటం. చేతిలో నాలుగు కరివేపాకు రెమ్మలు, ఒక పుదీన కట్ట ఉంటే "మా పెరట్లోవండీ, ఇచ్చి పోదామని వచ్చాను" అనవచ్చు. ఆ వంకతో ఒక పావుగంట కూర్చోవచ్చు. మాత్రలు వేసుకుంటున్నారా, కాగితాలేమైనా ఆగిపోయాయా, రెండు పూటలా తింటున్నారా అని కనుక్కోవచ్చు. వీధికి ఒకరం చొప్పున నెలకు ఒక ఇల్లు చూసినా, మన జాబితాలో ఎవరూ మిగలరు.

బయట బల్ల మీద తడిగుడ్డలో చుట్టి 40 వామాకు కొమ్మలు, కొన్ని పుదీన కాడలు పెట్టాను. వెళ్ళేటప్పుడు తలా ఒకటి తీసుకోండి. పక్కనే పుస్తకం కూడా ఉంది, పేరూ వీధీ రాసి సంతకం చేయండి. సంతకం లేకుండా ఏదీ ఇచ్చే అలవాటు నాకు లేదు. వచ్చే డిసెంబరు 17కు ఎవరి కొమ్మ ఎన్ని ఇళ్ళకు చేరిందో ఆ పుస్తకంలోనే రాద్దాం.